శివారు తీగకు బలము

కృష్ణా డెల్టా రైతునకు శివారు భూమి యన నేమో వేరుగ చెప్పనక్కరలేదు. కాలువ మొదట నున్నవాని చేను పొరలుచుండగా నాగాయలంక వైపు వాడు వంతునీటికై తూము చూచుచు కూర్చుండును. కరెంటు తీగకును ఇట్టి శివారే కలదు. ఇబ్రహీంపట్నమునందలి నార్ల తాతారావు థర్మల్ కేంద్రమునుండియో, రాయలసీమ సోలారు క్షేత్రములనుండియో బయలుదేరిన విద్యుచ్ఛక్తి సబ్‌స్టేషనులు దాటి, పొలములమీదుగ మైళ్లకొలది నడచి, దివిసీమ కొస ట్రాన్స్‌ఫార్మరును చేరునప్పటికి నీరసించును. అచ్చట దీపము మిణుకుమనును. మోటారు మూలిగి మూలిగి తుదకు కాలును.

శివారుననే కరెంటు పుట్టించి శివారుననే వాడుకొనుట ఇప్పుడు సాధ్యమైనది. 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన సూర్యఘర్ పథకము కోటి ఇండ్లపై సోలారు పలకలు పెట్టింపవలెనని సంకల్పించి, 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సహాయము నిర్ణయించినది. స్వదేశమున చేసిన పలకలకే ఆ సహాయమనుట మిక్కిలి మెచ్చదగినది. ఆ నెలలోనే సవరింపబడిన నిబంధనలు, 10 కిలోవాట్ల వఱకు కోరికలకు సాంకేతిక పరిశీలన అక్కరలేదనియు, 5 కిలోవాట్ల వఱకు తీగను బలపరచు భారము పంపిణీ సంస్థదే యనియు విధించినవి. ఇంతవఱకు బాగుగనే యున్నది. కాని ఎన్ని యిండ్లు, ఎన్ని కిలోవాట్లు అను లెక్కయే ఎల్లెడల వినవచ్చుచున్నది గాని, ఆ పలకలు తీగకు ఊతమగుచున్నవా, బరువగుచున్నవా యని అడుగువారు అరుదు.

ఒక పల్లెలో 25 కే.వీ.ఏ. ట్రాన్స్‌ఫార్మరు క్రింద పది యిండ్లవారు తలకు 3 కిలోవాట్ల చొప్పున పలకలు పెట్టిరనుకొందము. మిట్టమధ్యాహ్నము జనులు పొలములలో నుందురు. ఇండ్లలో ఖర్చు స్వల్పము. 30 కిలోవాట్లకు దగ్గఱగ వచ్చిన కరెంటు పోవుదారి లేక వెనుకకు పొరలును, వోల్టేజి పెరుగును, ఇన్వర్టర్లు తమంత తామే ఆగిపోవును. రాత్రి ఏడు గంటలకు, ఊరంతయు దీపములు, పంకాలు, ఏసీలు పెట్టు వేళకు, ఆ పలకలు ఒక్క యూనిటైన నీయజాలవు. లాకులు, రెగ్యులేటర్లు లేని కాలువ యెట్లుండునో మన తాతలు ఎఱుగుదురు.

ఇక ధర సంగతి. నెట్ మీటరు పద్ధతిలో పగలు తీగకిచ్చిన యూనిటు రాత్రి తీసికొన్న యూనిటునకు చెల్లిపోవును. అనగా పంపిణీ సంస్థ మేడగలవారికి ఉచితపు గాదెగా నున్నది. స్తంభముల ఖర్చు, తీగల ఖర్చు, సాయంకాలము హెచ్చు వెలకు కొన్న కరెంటు ఖర్చు మిగిలినవారిపై పడును. వారెవరు? పలకలు పెట్టుటకు కప్పులేని కౌలుదారు, అద్దె యింటి గుమాస్తా. ఈ మాట మా పాఠకులలో పెక్కురకు రుచింపకపోవచ్చును. అయినను చెప్పక తీరదు. శ్రావణమాసపు వరదనీటికిని, వైశాఖమాసపు త్రాగునీటికిని ఒకటే విలువ అని రైతెవ్వడైన ఒప్పుకొనునా? 2023 జూన్‌లో కేంద్రము చేసిన నిబంధనలు, ఎండవేళ కరెంటు ధర సాధారణపు ధరకన్న కనీసము నూటికి 20 వంతులు తక్కువగను, ఒత్తిడి వేళ హెచ్చుగను ఉండవలెనని చెప్పినవి. కొనువానికి కాలభేదమున్నప్పుడు అమ్మువానికేల యుండరాదు? సాయంకాలము బ్యాటరీనుండి తీగకు యూనిటు నిచ్చినవానికి హెచ్చు వెల నిచ్చినచో, బ్యాటరీ కొనుటకు జనులే ముందునకు వత్తురు. సూర్యఘర్ సహాయమో, పలకల సామర్థ్యమునుబట్టియే లెక్కింపబడుచున్నది.

పలకలుండియు చీకటిలో నుండుట విజయవాడవారికి వింత గాదు. 2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు గండిపడి సింగ్‌నగర్, పాయకాపురము మునిగినవి. ప్రాణరక్షణకై కరెంటు ఆపక తప్పలేదు. మేడలపై చిక్కుకొన్నవారి ఫోనులు చల్లారిపోయినవి. కప్పుపైకి నీరు రాలేదు. అయినను సామాన్యపు సోలారు ఏర్పాటు అట్టివేళ పనిచేయదు. ఏలయన, ఆగిన తీగలోనికి ఇంటినుండి కరెంటు పారినచో స్తంభమెక్కిన లైనుమను ప్రాణమునకే ముప్పు. కావున తీగ ఆగిన క్షణముననే ఇన్వర్టరును ఆగిపోవలెను. ఈ కట్టుబాటు సక్రమమైనదే. ఇంటిని తీగనుండి విడదీసి, బ్యాటరీతో లోపలి దీపములను మాత్రము నడుపు ఇన్వర్టర్లు వేరుగ కలవు. వాని సంగతి పలకలమ్మువారు చెప్పరు, కొనువారు అడుగరు.

కొల్లేటి చుట్టును, బంటుమిల్లి, కృత్తివెన్ను ప్రాంతములందును రొయ్యల చెఱువులవారికి ఇది జీవన్మరణ సమస్య. పగలు చెఱువులోని పాకుడు ప్రాణవాయువు నిచ్చును. రాత్రి ఆ పాకుడే రొయ్యతో పోటీపడి పీల్చును. తెల్లవాఱుజామున ఏరేటరు ఆగిన రొయ్య తేలిపోవును. నాలుగు 2 హార్సుపవరు ఏరేటర్లకు గంటకు 6 యూనిట్లు కావలెను. 3 కిలోవాట్ల పలకలు మంచి ఎండలో దినమునకు సుమారు 12 యూనిట్లు ఇచ్చును. అనగా దినమెల్ల కూర్చినది రెండు గంటలకు సరి. రాత్రియంతయు సోలారుతో నడుపుదుమనువారి మాటలు నమ్మదగినవి కావు. అయినను తీగ తెగిన ఆ రెండు గంటలే పంటను నిలుపుటయో, పోగొట్టుటయో చేయును. జనరేటరు తాళము వెదకుచు గట్టుమీద పరుగెత్తినవారికి దీని విలువ తెలియును.

తుపాను దేశములలో ఇట్టి ఏర్పాటు పరీక్షకు నిలిచినది. 2017 సెప్టెంబరులో మరియా తుపాను పోర్టో రికో ద్వీపమును చీకటిలో ముంచెను. కొన్ని చోట్లకు కరెంటు తిరిగి వచ్చుటకు ఏడాదికి దగ్గఱగ పట్టినది. అడ్‌హున్తాస్ అను కొండ యూరిలో కాసా ప్వెబ్లో అను ప్రజాసంస్థ భవనము మాత్రము తన సోలారుతో వెలుగుచు, ఫోనులకు, వైద్యపు యంత్రములకు ఆధారమైనది. ఇటీవలి సంవత్సరములలో అచ్చటి పంపిణీ సంస్థ, కొఱత వేళ ఇండ్ల బ్యాటరీలనుండి కరెంటు తీసికొని యజమానులకు సొమ్ము చెల్లించుచున్నది.

మనకును మార్గము లేకపోలేదు. ఇంటింటికి బ్యాటరీ కొనుట కష్టమైనచో శివారు ట్రాన్స్‌ఫార్మరు వద్ద ఊరందఱికి ఒకటి పెట్టవచ్చును. పగటి పొరలుకరెంటు దానిలో నిలుచును, రాత్రి వోల్టేజికి ఊతమగును, తుపాను హెచ్చరిక వచ్చిన దినమున నింపి తాళము వేయవచ్చును. దానిని సహకార సంఘము నడుపరాదా? 1970లో ఏర్పడిన సిరిసిల్ల సహకార విద్యుత్ సంఘము వినియోగదారులే సభ్యులుగ గ్రామములకు కరెంటు పంచినది గదా! జనరేటరునకు డీసెలు పోయు పదిమంది చెఱువుల యజమానులు కలిసిన మూలధనము కూడకపోదు.

దీనికి మొదట కావలసినది లెక్క. మధ్య ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ప్రతి ఫీడరునకు ట్రాన్స్‌ఫార్మర్ల సామర్థ్య మెంత, దానిపై ఇదివఱకు కలిపిన పలకలెన్ని, రాత్రి ఏడు గంటల ఖర్చెంత, శివారున వోల్టేజి యెంత అను పట్టికను బహిరంగముగ ప్రకటింపవలెను. నియంత్రణ మండలి సాయంకాలపు యూనిటునకు వేఱు ధర నిర్ణయింపవలెను. బ్యాటరీలో కొంతభాగము యజమానిదే యనియు, తుపాను దినములలో దానిని సంస్థ ముట్టరాదనియు ఒప్పందమున వ్రాయవలెను. విజయవాడ పల్లపు పేటలలోని ఆసుపత్రులు, మంచినీటి పంపులు, దివిసీమ శివారు గ్రామములు, రొయ్యల చెఱువుల ఫీడర్లు మొదటి వరుసలో నుండవలెను. అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు మన తీరమునకు తుపానుల కాలము. ఆ పట్టిక అంతకు ముందే వెలువడవలెను.