గడప దాకా వచ్చిన మాత్ర – గడప లోపలి బలం

కృష్ణగిరి ప్రాంతపు కుందారపల్లి మొదలు హోసూరు చుట్టుపక్కల పల్లెల వరకు, రక్తపోటుకు, చక్కెర వ్యాధికి మాత్రలు ఇంటి గడప దగ్గరికే వచ్చే ఏర్పాటు 2021లో మొదలైనది. ‘మక్కళై తేడి మరుత్తువం’, అనగా ప్రజలను వెదకుకొంటూ వచ్చే వైద్యం, అనే ఈ పథకాన్ని తమిళనాడు ప్రభుత్వం ఆ ఏడాది ఆగస్టు 5న ఆరంభించినది ఈ జిల్లాలోని సామనపల్లిలోనే. 2024లో దీనికి ఐక్యరాజ్యసమితి పురస్కారం కూడా లభించినది. సరిహద్దు పల్లెలకు ఇది గర్వకారణమే. అయితే మాత్ర ఇంటికి చేరినంత మాత్రాన జబ్బు అదుపులోనికి వచ్చినదా అన్నది వేరే ప్రశ్న.

ఆ ప్రశ్నకు అంకెలే సమాధానం చెబుతున్నవి. 2020లో తమిళనాడులో జరిగిన సర్వే ప్రకారం రక్తపోటు ఉన్నవారిలో అది అదుపులో ఉన్నది 7.3 శాతం మందికి మాత్రమే. చక్కెర వ్యాధి విషయంలో ఆ సంఖ్య 10.8 శాతం. 2023-24లో మళ్ళీ సర్వే చేసినప్పుడు ఈ రెండూ దాదాపు 17 శాతానికి చేరినవి. మూడు నాలుగేళ్ళలో ఇది మంచి పెరుగుదలే. కాని దీని అర్థం, ప్రతి ఆరుగురు రోగులలో ఇంచుమించు ఐదుగురికి జబ్బు ఇంకా అదుపు తప్పియే ఉన్నదని.

ఈ రెండు జబ్బులూ నొప్పి చెప్పకుండా పెరుగుతవి. ఒంట్లో బాగున్నట్లే ఉండుటచేత మాత్ర మానివేయడం సులువు. పక్షవాతం వచ్చిన నాడో, కాలి పుండు మానని నాడో, మూత్రపిండాలు చెడిన నాడో కుటుంబం మేలుకొంటుంది. అప్పటికి పాడి ఆవునో, అర ఎకరమో అమ్మవలసిన పరిస్థితి ఏర్పడుతుంది. కావున మిగిలిన ఐదుగురి సంగతి ఆసుపత్రిది మాత్రమే కాదు, ఇంటిది, ఊరిది కూడా.

సంఘాలే పునాది

ఇంటింటికి మాత్రలు అందించు పనికి ప్రభుత్వం ఎన్నుకొన్నది స్వయం సహాయక సంఘాల మహిళలను. ఇది యాదృచ్ఛికం కాదు. తమిళనాడులో ఈ సంఘాల ఉద్యమం 1989లో ధర్మపురి జిల్లాలోనే, అంతర్జాతీయ వ్యవసాయాభివృద్ధి నిధి సహాయంతో మొదలైనది. కృష్ణగిరి, హోసూరు ప్రాంతాలు 2004 ఫిబ్రవరి వరకు ఆ జిల్లాలోనివే. నెలనెలా పొదుపు కట్టుట, లెక్క వ్రాయుట, ఎవరి ఇంట ఏ కష్టమున్నదో తెలిసి ఉండుట, ఈ మూడూ ముప్పదేళ్ళ పైబడి పల్లె ఆడవారు అలవరచుకొన్న గుణాలు. వైద్య పథకానికి అవే కాళ్ళయినవి. తెలియని ఉద్యోగి వచ్చి ‘మాత్ర వేసుకొన్నారా’ అని అడిగితే తలూపి ఊరకుండే తాత, పక్క వీధి సంఘం ఆడపడుచు అడిగితే నిజం చెబుతాడు.

తెలుగునాట దీనికి మరొక ఉదాహరణ ఉన్నది. 1990 దశకం ఆరంభంలో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకొనుటకు కూడిన ఆడవారు సారాకు ఎదురు నిలిచినారు. అది రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధానికి దారితీసినది. ఆ ఊపులోనే పొదుపు సంఘాలు వెలసినవి. సంపూర్ణ మద్య నిషేధం 1995లో వచ్చి 1997లో సడలిపోయినా, సంఘాలు మాత్రం నిలిచినవి. చట్టం రావచ్చును, పోవచ్చును. కూడి పని చేయుట నేర్చిన ఊరికి ఆ నేర్పు మిగులుతుందన్నది దీని సారాంశం.

ఊరిలోనే ఉన్న మూడు బలాలు

మొదటిది తిండి. ఈ ప్రాంతపు రాగి సంగటి ఒకప్పుడు పేదల కూడు; నేడు పట్టణాలవారు వెదకి కొనే ధాన్యం. వంద గ్రాముల రాగులలో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నది. బియ్యంలో అది పది మిల్లీగ్రాముల లోపే. అయితే రాగి అని ఎంత తిన్నా చక్కెర పెరగదనుకొనుట పొరపాటు. ముద్ద చిన్నదై, ఆకుకూర, పప్పు, ఉలవలు ఎక్కువైనప్పుడే మేలు. ఉప్పు సంగతీ అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు, అనగా ఒక చిన్న చెంచాకు మించరాదన్నది. ఊరగాయ, అప్పడం, అంగడి మిక్చరులలోని ఉప్పు కూడా ఈ లెక్కలోనిదే.

రెండవది భాష. ఈ పల్లెల అవ్వలు, తాతలు తెలుగు మాట్లాడుతారు. చదివినవారు చదివినది తెలుగే. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత బడికి వెళ్ళిన పిల్లలకు తమిళం చదువుట వచ్చును. ఆసుపత్రి చీటీ తమిళంలో ఉన్నప్పుడు మనుమరాలు దానిని చదివి, ఉదయానికి ఏది, రాత్రికి ఏది అని అవ్వకు తెలుగులో చెప్పి, రెండు డబ్బాలలో వేరుచేసి పెట్టుటకు పది నిమిషాలు చాలును. రెండు భాషలు ఇంట ఉండుట భారమని వాపోవువారున్నారు. ఈ పనిలో అది బలమే.

మూడవది బంధుత్వం. కుప్పంలో కూతురు, కోలారులో చెల్లెలు, హోసూరులో కొడుకు ఉండుట సరిహద్దు కుటుంబాలకు సహజం. పెద్దవారు నెలల తరబడి కూతురింట ఉంటే మాత్రల వరుస తెగిపోతుంది. ప్రయాణానికి ముందే అదనపు మాత్రలు అడిగి తీసుకొనుట, చీటీని వెంట ఉంచుకొనుట అలవాటు చేసుకొనవలెను. కర్ణాటక కూడా 2024లో కోలారు జిల్లాలో ఇంటింటి ఆరోగ్య పరీక్షల పథకాన్ని మొదలుపెట్టినది. సరిహద్దుకు అటూ ఇటూ పని ఒకటే అయినప్పుడు, రోగి చీటీ రెండు వైపులా చెల్లునట్లు చూడుట ప్రభుత్వాల బాధ్యత.

బలం పేరిట భారం మోపరాదు

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ‘మీ ఆరోగ్యం మీ చేతిలోనే’ అనే మాట ప్రభుత్వం తన చేతులు కడుగుకొనుటకు సాకు కారాదు. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల భూగర్భ జలాలలో ఫ్లోరైడు ఎక్కువై పళ్ళు గారపట్టి, ఎముకలు వంగినప్పుడు, ఏ కుటుంబం ఎంత జాగ్రత్త పడినా ఫలితం లేకపోయినది. జపాను రుణసాయంతో నిర్మించిన హొగెనకల్ మంచినీటి పథకం 2013లో ప్రారంభమైన తరువాతనే దానికి దారి దొరికినది. ఊరు చేయగలిగినది ఊరు చేయవలెను. ఊరి చేతిలో లేనిది ప్రభుత్వం చేయవలెను.

అట్లే ఇంటింటికి తిరిగే ఆడవారి శ్రమను ‘సేవ’ అని పొగడి తక్కువ డబ్బుతో సరిపెట్టుట న్యాయం కాదు. వారు తమ ఇంటి పని, కూలి పని ముగించుకొని ఈ పని చేయుచున్నారు. వంట ఉప్పు తగ్గించుట మొదలు మామగారి మాత్ర గుర్తుంచుకొనుట వరకు ఇంటి ఆరోగ్యమంతా కోడలి తలపైనే వేయుట కూడా అటువంటిదే. మగవారు తమ మాత్ర తాము వేసుకొనుట చిన్న పనియే, కాని పెద్ద మార్పు.

తమిళనాడులో గ్రామసభ ఏడాదికి ఆరు మార్లు జరుగవలెను: జనవరి 26, మార్చి 22, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, నవంబరు 1. రోడ్డు, దీపం, కుళాయి గురించి అడిగే ఆ సభలోనే మరి మూడు మాటలు అడుగవచ్చును. ఊరిలో రక్తపోటు, చక్కెర ఉన్నవారు ఎందరు? వారిలో అదుపులో ఉన్నది ఎందరికి? పనికి వెళ్ళి సాయంత్రం మాత్రమే ఇల్లు చేరేవారికి పరీక్ష ఎప్పుడు? ఎవరి పేరూ చెప్పనక్కరలేదు, సంఖ్య చాలును. మరు సభకు ఆ సంఖ్య పెరిగినదా అని చూచుకొనే ఊరికి, ఆరుగురిలో ఒక్కరితో ఆగిపోవలసిన పని ఉండదు.