జరీ కుట్టు: మెరుపు కాదు, ఒడుపు

జరీ దారం మామూలు దారంలా బట్టలో దూరి వచ్చే రకం కాదు. నూలు లేదా పట్టు పోగుకు సన్నని లోహపు రేకు చుట్టి దాన్ని తయారుచేస్తారు. బట్టలోంచి పదేపదే లాగితే రేకు ఒరుసుకుని విడిపోతుంది, లోపలి పోగు బయటపడుతుంది. జరీ కుట్టులోని పద్ధతుల్లో చాలావరకు ఈ ఇబ్బందిని దాటడానికి పుట్టినవే.

పారసీకంలో జర్ అంటే బంగారం, దోజీ అంటే కుట్టడం. జర్దోజీ అనే పేరు అలా వచ్చింది. మొగలు దర్బారుల ఆదరణ పొందిన ఈ పనికి లక్నో, ఆగ్రా, బరేలీ, హైదరాబాద్ పేరుపడ్డాయి. లక్నో జర్దోజీకి 2013లో భౌగోళిక గుర్తింపు దక్కింది. తెలుగు ఇళ్లలో పెళ్లి జాకెట్ల మీద కనిపించే మగ్గం వర్క్ దీనికి దగ్గరి చుట్టమే. ఇక్కడ మగ్గం అంటే నేత మగ్గం కాదు, బట్టను బిగించి కట్టే కర్ర చట్రం.

అసలు జరీలో వెండి తీగను రేకుగా సాగగొట్టి, పట్టు పోగుకు చుట్టి, బంగారు పూత వేస్తారు. టెస్టెడ్ జరీలో వెండి స్థానంలో రాగి ఉంటుంది. చవకరకంలో లోహపు పూత పూసిన పాలియెస్టర్ పొర మాత్రమే ఉంటుంది. మూడూ కొత్తలో ఒకేలా మెరుస్తాయి కాబట్టి, ఏది వాడుతున్నారో కుట్టించుకునేవారు ముందే అడగాలి.

డిజైను గీతల వెంట కాగితానికి సూదితో చిల్లులు పొడిచి, కిరసనాయిల్లో కలిపిన తెల్లపొడిని దాని మీద రుద్దితే బట్టపై చుక్కలు దిగుతాయి. మెత్తని జరీని కొక్కెం ఉన్న ఆరి సూదితో గొలుసుకుట్టుగా కుడతారు. అప్పుడు ఒక చెయ్యి పైన సూది నడిపిస్తే, రెండోది బట్ట కింద నుంచి దారం అందిస్తుంది. గట్టి జరీని మాత్రం బట్టపై పరిచి, సన్నని దారంతో అడుగడుగునా అడ్డకుట్లు వేసి నిలబెడతారు. ఆ దారానికి మైనం రాస్తే చిక్కుపడదు, లోహపు అంచుకు తెగదు.

స్ప్రింగులా చుట్టిన బోలు తీగను మన పనివాళ్లు జర్దోసి అంటారు. ఆకు నింపాలంటే దాన్ని ముక్కలుగా కత్తిరించి, పూసల్లా సూదికి ఎక్కించి కుట్టాలి. ముక్క నువ్వుగింజంత పొడవెక్కితే మధ్యలో ఉబ్బి లేస్తుంది. పొట్టిదైతే కొసన దారం బయటపడుతుంది. ఆకు మొదట్లో, నడుమ, కొసలో వెడల్పు మారుతుంటుంది గనుక ప్రతి ముక్కనూ కంటితోనే కొలిచి కోయాలి. లావుగా కనిపించాల్సిన చోట ముందు నూలుదారాలు పరిచి ఎత్తు కడతారు.

పరిచి కుట్టిన పనిని తిరగేసి చూస్తే, లోపలికి దోపిన కొసలు తప్ప లోహం కనిపించదు. దగ్గరగా, సమదూరంలో పడిన కుట్లు వరుసగా కనిపిస్తాయి. పనితనం తెలిసేది అక్కడే. బేరమాడేవారు చూడాల్సింది ఆ వెనుకవైపే. పైమెరుపు సరుకుది, వెనుక కుట్లు మనిషి గంటలవి. కూలి ఆ గంటలకు తగ్గట్టు ఉండాలి.

గాలిలోని గంధకం వల్ల వెండి నల్లబడుతుంది. చెమట, అత్తరు కూడా జరీని పాడుచేస్తాయి. అందుకే కట్టి విప్పాక ఆరబెట్టి, పాత నూలుబట్టలో చుట్టి దాచాలి. ఇస్త్రీ చేయాలంటే తిరగేసి, మీద బట్ట పరిచి చేయాలి. అప్పుడప్పుడు మడత మార్చాలి, లేదంటే మడత దగ్గరే లోహం విరుగుతుంది.