‘నే’ అంటే అవునా... కాదా?

టర్కీలో ఎదిర్నె అని ఓ పాత పట్నం ఉంది. దానికి కొద్ది కిలోమీటర్ల దూరంలో టర్కీ, గ్రీసు, బల్గేరియా... మూడు దేశాల సరిహద్దులూ కలుస్తాయి. అక్కడ పారే నదిని బల్గేరియన్లు మరిత్స అంటారు. గ్రీకులు ఎవ్రోస్ అంటారు. టర్కీవాళ్లు మెరిచ్ అంటారు. ఒకే నదికి మూడు పేర్లుండటం వింతేమీ కాదు. అసలు తమాషా ఏంటంటే, ఆ మూడు దేశాల్లోనూ వినిపించే ఒకే మాటకి మూడు అర్థాలు. ఆ మాట ‘నే’. కొందరు పొట్టిగా, కొందరు కాస్త సాగదీసి పలుకుతారు, అంతే తేడా.

గ్రీకు మనిషి ‘నే’ అంటే... అవును. బల్గేరియన్ ‘నే’ అంటే... కాదు. టర్కీవాడు ‘నే’ అంటే... ఏమిటీ?!

నవ్వుకోవడానికి బాగానే ఉంది కానీ, ఆస్పత్రిలో ఇదే జరిగితే? ‘మాత్ర వేసుకున్నారా?’ అని నర్సు అడిగిందనుకోండి. గ్రీకు పెద్దాయన ‘నే’ అన్నాడు, వేసుకున్నానని. నర్సు బల్గేరియన్ అయితే, వేసుకోలేదేమోనని ఇంకో మాత్ర చేతిలో పెట్టినా పెడుతుంది. పోనీ తల ఊపి చెబుదామా అంటే అక్కడా చిక్కే. బల్గేరియాలో అవునంటే తల అడ్డంగా, కాదంటే నిలువుగా ఊపడం ఆనవాయితీ!

పక్కపక్క దేశాల్లో ఇంత తేడా ఎందుకొచ్చింది? ఆ మాటల పుట్టుక వేరు కాబట్టి. బల్గేరియన్ ‘నే’కి చుట్టాలు చాలామందే ఉన్నారు. సంస్కృతంలో ‘న’, పారశీకంలో ‘న’, ఇంగ్లిషులో ‘నో’... అన్నీ ఒకే పాత కుదురు నుంచి వచ్చిన ‘కాదు’లే. గ్రీకు ‘నే’ మాత్రం ఒకప్పుడు ‘నై’. రాతలో ఇప్పటికీ ఆ అక్షరాలే ఉన్నాయి. కాలం గడిచేకొద్దీ ‘ఐ’ పలుకు అరిగి ‘ఎ’ అయింది. అలా వేర్వేరు దారుల్లో వచ్చిన రెండు మాటలు ఒకే గొంతుతో పలుకుతున్నాయి. గ్రీకులో కాదనాలంటే ‘ఓహి’ అనాలి. 1940 అక్టోబరు 28న ముస్సోలినీ హెచ్చరికను నాటి ప్రధాని మెటాక్సస్ తిరస్కరించారు. ఆ రోజును గ్రీకులు ఏటా ‘ఓహి దినం’గా జరుపుకుంటారు.

ఇంకాస్త ముందుకెళ్తే... హంగేరీలో ‘నే’ అంటే వద్దు. ఫిన్లాండ్‌లో ‘అవి’. జపాన్‌లో వాక్యం చివర తగిలిస్తే మన ‘కదా’. హిందీలో అది ‘మైనే దేఖా’ అన్నప్పుడు పని చేసినవారి పక్కన చేరే ప్రత్యయం. హైదరాబాదీ దక్కనీ దాన్ని చాలాచోట్ల వదిలేసి హాయిగా ‘మై దేఖా’ అనేస్తుంది. ఇక మన తెలుగులో ‘నే’ అంటే నేనే!

పెనుకొండ దగ్గర 2019లో కియా కార్ల కర్మాగారం మొదలయ్యాక కొరియన్ ‘నే’ కూడా రాయలసీమకు వచ్చింది. అర్థం ‘అవును’. అయితే ఫోన్లో కొరియన్లు ‘నే... నే...’ అంటుంటే, చెప్పిన ప్రతిదానికీ ఒప్పుకున్నారని కాదు. మనం కథ వింటూ ఊ కొట్టినట్టు, ‘వింటున్నాను’ అని. ‘పని పూర్తి కాలేదా?’ అని అడిగినప్పుడు ‘నే’ అంటే, ‘మీరన్నది నిజమే, కాలేదు’ అని. మనమూ ‘అవును, కాలేదు’ అంటాం కాబట్టి మనకిది తేలిగ్గానే ఎక్కుతుంది. ఆ ప్రశ్నకి పనైపోతేనే ‘ఎస్’ అనే ఇంగ్లిషువాళ్లు మాత్రం తికమకపడతారు.

మందులు, ఒప్పందాలు, కోర్టు సాక్ష్యాలు... ఇలాంటి చోట్ల ఒక్క అక్షరం జవాబుతో సరిపెట్టుకోకూడదు. ‘అవును, వేసుకున్నాను’ అని పూర్తి వాక్యం చెప్పించుకోవాలి. అనుమానమొస్తే మొహమాటం లేకుండా మళ్లీ అడగాలి... టర్కీవాడిలా ‘నే?’ అని!