మొదటి ర్యాంకు ఎవరి లెక్కలో?

2018 మార్చిలో మెర్సర్ సంస్థ జీవన నాణ్యత జాబితా వెలువడింది. మన దేశం వరకు పుణెతో కలిసి హైదరాబాద్‌దే మొదటి స్థానం. పత్రికలు పతాక శీర్షికలు పెట్టాయి. అదే ఏడాది ఆగస్టులో కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ 111 నగరాలతో సులభ జీవన సూచీని ప్రకటించింది. అందులో తిరుపతి 4, విజయవాడ 9, హైదరాబాద్ 27. అయిదు నెలల్లో ఏ ఊరూ అంతగా మారిపోదు. ఎవరి కోసం కొలిచారన్నదే తేడా.

మెర్సర్ జాబితా హైదరాబాదీల కోసం పుట్టింది కాదు. బహుళజాతి కంపెనీలు తమ ఉద్యోగులను మరో దేశానికి పంపేటప్పుడు కష్టభత్యం ఎంత ఇవ్వాలో తేల్చుకునేందుకు తయారైంది. న్యూయార్క్‌ను ప్రమాణంగా పెట్టుకుని 39 అంశాలు చూస్తారు. అంతర్జాతీయ పాఠశాలలు ఉన్నాయా, మంచి ఇల్లు అద్దెకు దొరుకుతుందా వంటివి. కంపెనీకి ఆ లెక్క అవసరమే, తప్పుపట్టను. దాన్ని ఊరందరి సుఖంగా చాటడమే నాకు మింగుడుపడదు. పైగా, దేశంలో మొదటిదని సంబరపడిన ఆ ఏడాది ప్రపంచ జాబితాలో హైదరాబాద్ స్థానం 142. 2015లో 138.

సర్కారు సూచీ పౌరుల కోసమే చేసింది కదా అంటే, దాని కథ ఇంకా ఆలోచింపజేస్తుంది. 2018లో 58వ స్థానంలో ఉన్న బెంగళూరు 2020 సూచీలో పది లక్షలకు పైబడిన జనాభా ఉన్న నగరాల్లో మొదటిదైంది. మధ్యలో ఏం జరిగింది? ఆర్థికాంశాల బరువు నూటికి 5 నుంచి 15కు పెరిగింది. పౌరుల అభిప్రాయానికి కొత్తగా 30 కేటాయించారు. నగరాలను జనాభాను బట్టి రెండు జట్లుగా విడదీశారు. రోడ్ల మీద ట్రాఫిక్ తగ్గి, చెరువులు బాగుపడి వచ్చిన ర్యాంకు కాదది. తూకపు రాళ్లు మారాయి. పౌరులను అడగడం మంచి మార్పే, అందులో సందేహం లేదు. కానీ ఆర్థిక సామర్థ్యమంటే పరిశ్రమల సమూహాల బలం, రుణ లభ్యత వంటివాటినే లెక్కించారు. పొద్దున్నే అడ్డా మీద నిలబడే కూలీకి నెలలో ఎన్ని రోజులు పని దొరికింది? అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కుటుంబానికి బియ్యం, ఫీజు, మందుల ఖర్చు పోగా ఏం మిగిలింది? ఇవి అందులో కనపడవు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది. నాలుగిళ్లలో పనిచేసే మనిషికి ఆ మిగులు చిన్నది కాదు. ఏ ర్యాంకూ దాన్ని పట్టుకోలేదు.

ర్యాంకు కోసం కాకుండా జనం కోసం పనిచేసిన ఊరూ ఉంది. వియన్నా 2019 నాటికి మెర్సర్ జాబితాలో వరసగా పదోసారి ప్రపంచంలో మొదటి స్థానంలో నిలిచింది. ఆ నగరం 1920లలో కార్మికుల కోసం ఇళ్లు కట్టడం మొదలుపెట్టింది. నేటికీ దాదాపు సగం మంది నగరపాలక గృహాల్లోనో, ప్రభుత్వ సాయంతో కట్టిన ఇళ్లలోనో ఉంటున్నారు. ఆ ఇళ్లు కట్టడం మొదలుపెట్టిన నాటికి ఏ ర్యాంకులూ లేవు.

నగరానికి ఒక్క అంకె చాలదు. వార్డు వారీగా లెక్కలు కావాలి: అద్దె పోగా చేతిలో మిగిలేదెంత, నల్లా నీళ్లు ఎన్ని గంటలు, పనికి చేరడానికి ఎంతసేపు, సర్కారు ఆస్పత్రి ఎంత దూరం. సగటు తీయకుండా, అడుగున ఉన్నవారి అంకెను విడిగా వేయాలి. కార్పొరేషన్ల దగ్గర నీళ్లు, పన్నుల లెక్కలు, ఆర్టీసీ దగ్గర ప్రయాణికుల లెక్కలు ఇప్పటికే ఉన్నాయి. వచ్చే బడ్జెట్ సమావేశానికి ముందే ప్రతి కార్పొరేటర్ తన వార్డు పట్టికను జనం ముందు పెట్టవచ్చు.