మానినవాళ్లు కూర్చునే చోటు

హిందూపురం ఎమ్మెల్యే ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా 1995లో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. 1997లో తర్వాతి ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. చట్టం వచ్చి పోయింది, తాగుడు మాత్రం ఇళ్లల్లోనే ఉండిపోయింది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరంలలో మందు దుకాణం ఎక్కడంటే చిన్నపిల్లాడైనా చూపిస్తాడు. మానినవాళ్లు కూర్చునే చోటు ఎక్కడని అడిగితే పెద్దవాళ్లూ తడుముకుంటారు. ఇది మన ఊళ్లకు తగని లోటు. అలాంటి చోటు కొత్తదేమీ కాదు: 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో తాగుడుకు బానిసలైన ఇద్దరు, వారిలో ఒకరు సర్జన్, కూర్చుని తమ గోడు చెప్పుకోవడంతో ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టింది. దాని సమావేశాల్లో ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. ధర్మవరం మగ్గం మీద కూర్చునే నేతన్నకు మరో నేతన్న "నేనూ ఇట్లే పడినాను, ఈ పొద్దుకు తాగలే" అని చెబితే, ఆలి ఏడ్చి చెప్పినా వినని మాట చెవికెక్కుతుంది. (ఏళ్లుగా తాగినవాళ్లు ఒక్కసారిగా ఆపితే వణుకు, ఫిట్స్ రావచ్చు, ముందు డాక్టరును కలవాలి.) ప్రతి ఊళ్లో వారానికి ఒక సాయంత్రం ఒక బడి గది తెరిచి, బస్టాండులో తెలుగులో, కన్నడలో ఒక బోర్డు పెట్టండి. ఆ గది దొరికేలోగా వ్యసనం మాన్పించే హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయండి. డబ్బు అడగరు.