మగ్గం గుంట వదిలి నడిచిన ఊరు

బంద్ అనగానే కళ్లముందు మెదిలే దృశ్యం ఒకటే. డిపో ముందు బైఠాయింపు, మధ్యాహ్నానికల్లా పగిలిన ఆర్టీసీ బస్సు అద్దాలు, ఆస్పత్రికి బయల్దేరి నడిరోడ్డున ఆగిపోయిన ఆటో. గొడవతో సంబంధం లేనివాళ్లకే నష్టమంతా. 1921లో చీరాల, పేరాల జనం ఈ లెక్కను తిరగేశారు. నష్టాన్ని పూర్తిగా తమ నెత్తినే వేసుకున్నారు. వాళ్లను నడిపించిన ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నేడు విగ్రహానికి వేసే దండకే పరిమితమైపోయారు. ఇది మనకు తగని పని.

తగవు పన్ను దగ్గర మొదలైంది. చీరాల, పేరాల గ్రామాలను కలిపి మద్రాసు ప్రభుత్వం మున్సిపాలిటీ చేసింది. అప్పటిదాకా ఏటా సుమారు 4 వేల రూపాయలు కడుతున్న ఊళ్ల మీద 40 వేల భారం పడింది. మొరపెట్టుకుంటే వినే నాథుడు లేడు. కట్టనివాళ్లను జైలుకు పంపారు. 1921 ఏప్రిల్‌లో చీరాల వచ్చిన గాంధీజీ రెండు దారులు చూపారు: శాంతంగా పన్ను నిరాకరించడం, లేదంటే ఊరు ఖాళీచేసి మున్సిపాలిటీ పొలిమేర దాటిపోవడం.

జనం పొలిమేర దాటారు.

రాసినంత తేలిక కాదది. చేనేత ఇంట్లో గుంటమగ్గం నేలలోనే ఉంటుంది. కాళ్లు దించుకునే ఆ గుంటను తట్టకెత్తుకుని మోసుకుపోలేరు. కొత్తచోట మళ్లీ తవ్వాలి, మగ్గం నిలబెట్టాలి, పడుగు సరిచేసుకోవాలి. అన్నాళ్లూ కూలి రాదు. అలాంటి చేనేత ఊళ్ల నుంచి 13 వేలకు పైగా జనం కదిలారు. పాకలు వేసుకుని, ఆ చోటుకి రామనగర్ అని పేరు పెట్టుకుని, ఎండకూ వానకూ ఓర్చి సుమారు 11 నెలలు కాపురం ఉన్నారు.

ఇంతటి క్రమశిక్షణ ఉపన్యాసాలతో రాలేదు. ఎడింబరోలో ఎం.ఏ. చదివి, ఆనంద కుమారస్వామితో కలిసి 'అభినయ దర్పణం'ను ఇంగ్లీషులోకి తెచ్చిన దుగ్గిరాల, స్వచ్ఛంద సేవకుల దళానికి మాత్రం 'రామదండు' అని పేరు పెట్టారు. ఆ మాటకు పల్లెలో ఎవరికీ అర్థం చెప్పనక్కర్లేదు. ఆ ఏడాది బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో జనసందోహాన్ని అదుపు చేసిందీ ఆ దండే.

ఉద్యమం గెలవలేదు. ప్రసంగాలపై నిషేధాన్ని ధిక్కరించినందుకు దుగ్గిరాలను బరంపురంలో అరెస్టు చేసి ఏడాది జైల్లో పెట్టారు. నాయకుడు లేక, చేతిలో పైసా ఆడక జనం ఇళ్లకు తిరిగొచ్చారు. ఆయన 1928 జూన్ 10న 39 ఏళ్లకే కన్నుమూశారు.

అయినా ఆ ఊరు అడిగిన ప్రశ్న ఇంకా తెగలేదు. ఊరిని అడగకుండా ఊరి హోదా మార్చవచ్చా? పట్టణాల శివారు పంచాయతీలను మున్సిపాలిటీల్లో కలిపిన ప్రతిసారీ అదే గుబులు: ఇంటిపన్ను ఎంతవుతుంది, ఉపాధి హామీ పని ఉంటుందా? ప్రభుత్వాలు ముందే గ్రామసభ పెట్టి, పెరిగే పన్నును రూపాయల్లో చెప్పి, జనం మాట విన్నాకే ఉత్తర్వు ఇవ్వాలి. ఊరివాళ్లు కూడా బస్సు అద్దం జోలికి పోకుండా, ఆ లెక్క కాగితం చేతికొచ్చేదాకా పంచాయతీ ఆఫీసు మెట్ల మీద నుంచి లేవకూడదు.