గండి పూడ్చుటయు, గాయము మాన్పుటయు

నందికొండ వాసులమగు మనకు నీటి యొత్తిడి యెట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు. చెరువుకట్ట యెచ్చట బలహీనపడునో యచ్చటనే గండి పడును. మెదడులోని ధమనులకును ఇట్టి యాపద కలదు. ధమని గోడ యొకచోట సడలి, రక్తపు టొత్తిడికి బుడగవలె నుబ్బును. దీనిని వైద్యులు అన్యూరిజమని యందురు. అది పగిలినచో అకస్మాత్తుగా భరింపరాని తలనొప్పి కలుగును. అట్టివారిని తక్షణమే ఆసుపత్రికి చేర్చవలెను, ఆలస్యము ప్రాణాపాయకరము.

1990లో అమెరికాలోని లాస్ ఏంజిలీసు నగరమున గుయిదో గుల్యెల్మి యను వైద్యుడును ఆయన సహచరులును ఒక నూతన చికిత్సను ప్రారంభించిరి. తొడయొద్ది ధమనినుండి సన్నని గొట్టమును మెదడువరకు నడిపి, మెత్తని ప్లాటినపు తీగచుట్టలను బుడగలో నింపిరి. గండిలో ఇసుక బస్తాలు వేసినట్లు ప్రవాహము నిలిచి, రక్తము గడ్డకట్టును. పుర్రె తెరువ నక్కరలేదు. కాని ప్లాటినము జడపదార్థము. అది గండిని పూడ్చునే గాని గాయమును మాన్పదు. అందుచే కొందరిలో బుడగ మరల తెరచుకొనుచున్నది.

కావున శాస్త్రజ్ఞులు దేహములో క్రమముగా కరగిపోవు పూతను తీగపై పూసిరి. గాయములు కుట్టు కరగెడి దారమును ఇట్టి పదార్థముతోనే చేయుదురు. ఈ పూత దేహమును ప్రేరేపించి, బుడగ నోటివద్ద క్రొత్త కణజాలమును పెంచునని వారి యాశ. పందులపై జరిపిన పరీక్షలు ఆశను బలపరచినవి. కాని 626 మంది రోగులను చీటీలు తీసినట్లు రెండు వర్గములుగా విభజించి జరిపిన పరీక్ష ఫలితము 2014లో వెలువడెను. పూత తీగ వట్టి తీగను మించలేదు.

ఇంతమాత్రమున ఈ ప్రయత్నము వ్యర్థమనువారితో మేము ఏకీభవింపము. గాయమును మాన్పునది దేహమే. దానికి తోడ్పడు పరికరమును వెదకుట న్యాయమైన మార్గము. అయినను, క్రొత్తది గనుక మేలైనదని నమ్మువారితోను ఏకీభవింపము. పరీక్షకు నిలువని పరికరమునకు అధిక మూల్యము చెల్లించునది రోగి కుటుంబమే గదా!

1990వ దశకమున మన హైదరాబాదులో క్షిపణి శాస్త్రజ్ఞులగు అబ్దుల్ కలామ్ గారును హృదయవైద్యులగు సోమరాజు గారును కలసి, గుండె ధమనులకు తక్కువ వెలతో స్టెంటును నిర్మించిరి. మెదడు ధమనులకును అట్టి కూటమి యవసరము. విద్యార్థులారా! రసాయనమును, జీవశాస్త్రమును, గణితమును వేరువేరు పాఠములుగా తలంపకుడు. పూతను కనిపెట్టుటకు మొదటి రెండును, అది నిజముగా మేలు చేసినదో లేదో తేల్చుటకు మూడవదియు కావలెను.